పొట్ట కొలిచే ఆట

సీమంతంలా చేసే తన బేబీ షవర్‌కి తనే గుడ్లు ఒలుస్తోంది కోరిన్. చర్చి కింది హాల్లో గులాబీ రంగు కాగితాలు అతికిస్తూ అత్తగారు లోర్నా, "కూర్చో బంగారం, ఇవాళ నీ రోజు" అని ఒకటికి నాలుగుసార్లు అంది. అంటూనే, "ఆ గుడ్లయ్యాక పళ్ళరసాల పంచ్ కూడా కలిపెయ్" అని పురమాయించింది.

పచ్చసొనలో ఆవపిండి కలుపుతుంటే కోరిన్ పేగులు అరిచాయి. చెంచా నోటిదాకా తీసుకెళ్ళి మళ్ళీ గిన్నెలో పెట్టేసింది. పొద్దున్న తాగిన ఆకుల టీ తప్ప కడుపులో ఏమీ లేదు. మధ్యాహ్నం దాకా బ్లైత్ కూడా అదే తాగుతుంది.

బ్లైత్ ఫోన్లో వీడియోల్లో కనిపించే మనిషి. శుక్రవారం శుక్రవారం అద్దం ముందు పక్కకి తిరిగి చొక్కా ఎత్తి చూపిస్తుంది. పుల్లలాంటి ఒంటికి బంతి అతికించినట్టు ఉంటుంది పొట్ట. "బిడ్డకి ఎంత కావాలో నీ ఒంటికి తెలుసు. మిగతాదంతా డాక్టర్లు పెట్టే భయం" అంటుంది తేనె పూసిన గొంతుతో. మొదటి బిడ్డ కడుపున పడ్డప్పుడు పదకొండో తరగతిలోనే బడి మానేసిన కోరిన్‌కి ఇంత ఓపిగ్గా ఏదైనా చెప్పినవాళ్ళు లేరు. డాక్టర్లు కంప్యూటర్ వంక చూసి మాట్లాడతారు. బ్లైత్ కళ్ళలోకి చూసి మాట్లాడుతుంది. ఆ చూపు వేలమందికి ఒకేసారి అందుతోందని తెలిసినా, తనకోసమే అనిపించేది.

పైగా మొదటి కానుపు మాటలు ఇంకా చెవుల్లోనే ఉన్నాయి. "ఇద్దర్ని చేసుకున్నట్టుంది నాకు, మంచం మీద చోటే లేదు" అన్నాడు భర్త గ్రాడీ, పెరట్లో మాంసం కాలుస్తూ స్నేహితులందరి ముందూ. "బిడ్డ ఏడు పౌండ్లే. తక్కినదంతా ఐస్‌క్రీమే!" అని లోర్నా అందుకుంది. అందరూ నవ్వారు. కోరిన్ కూడా నవ్వి, లోపలికి వెళ్ళి గిన్నెలు కడిగింది.

ఈసారి అలా కాలేదు. "వెనకనుంచి చూస్తే కడుపుతో ఉన్నావని ఎవరూ అనుకోరే!" అని దుకాణంలో ముక్కూమొహం తెలియనివాళ్ళు కూడా మెచ్చుకున్నారు. క్లినిక్‌లో నర్సు టేపు పెట్టి కొలిచి, "పొట్ట ఎదగాల్సినంత ఎదగలేదమ్మా, స్కాన్ చేయించాలి" అన్నప్పుడు కోరిన్ కారులో కూర్చుని ఏం చేసింది? నవ్వుకుంది. గెలిచినట్టు నవ్వుకుంది. "మా ఇంటి ఆడవాళ్ళం అందరం చిన్న పొట్టలతోనే మోశాం" అంది లోర్నా. "లావైతే తప్పు, సన్నగా ఉన్నా తప్పేనా వాళ్ళకి?" అన్నాడు గ్రాడీ. మొన్న మంగళవారం స్కాన్‌కి వెళ్ళనే లేదు.

హాలు నిండాక ఆట మొదలైంది. బాత్రూమ్ కాగితం చుట్ట చేతులు మారుతోంది. తల్లి పొట్ట చుట్టూ సరిపోతుందనుకున్నంత ఎవరికి వారు చింపుకోవాలి, తర్వాత ఒక్కొక్కరే వచ్చి చుట్టి చూడాలి. కిందటిసారి అందరివీ చాలలేదు. "ఇంకో చుట్ట తెండే!" అని ఎవరో అరిస్తే హాలు విరగబడి నవ్వింది. ఈసారి చేతులెత్తి నిలబడ్డ కోరిన్ చుట్టూ ప్రతి కాగితమూ తిరిగి వచ్చి, ఇంకా మూరెడు మిగిలింది. "చూశారా! చూశారా నా కోడల్ని!" అని లోర్నా ఒకటే మురిసిపోతోంది.

చివర గ్రాడీ చెల్లెలు టెస్సా వచ్చింది. దాని కాగితం అంచుకి అంచు అతికినట్టు కలిసింది.

"ఎలా కనిపెట్టావే దొంగా?" అన్నారెవరో.

"ఇందులో ఏముంది? నా పొట్టకి చుట్టుకుని చింపాను!"

హాలంతా చప్పట్లు.

టెస్సాకి అయిదో నెల. కోరిన్‌కి తొమ్మిదోది నడుస్తోంది.

కోరిన్ టెస్సా పొట్టనీ తన పొట్టనీ మార్చి మార్చి చూసింది. చప్పట్లు ఎక్కడో దూరంగా వినిపిస్తున్నాయి. ఇన్నాళ్ళూ తను కరిగిస్తున్నది తన ఒళ్ళే అనుకుంది. చెయ్యి పొట్ట మీదకి వెళ్ళింది. పొద్దున్న కదిలిందా? రాత్రి? కిందటిసారి ఈ నెలలో వాడు తన్నే తన్నులకి నిద్రే ఉండేది కాదు. ఇది ఎప్పుడు తన్నిందో గుర్తు రావడం లేదు. వేళ్ళతో నొక్కింది. ఇంకాస్త గట్టిగా నొక్కింది. లోపల ఉలుకూ లేదు, పలుకూ లేదు.

టెస్సా చెవి దగ్గరకి వంగింది. "అమ్మకి చెప్పకు. నీ టీ నేనూ తాగుతున్నాను, పోయిన వారం నుంచి. భోజనం కూడా ఒక్కపూటే."

"ఎవరు చెప్పారు నీకు? బ్లైత్‌ని చూశావా?" అంది కోరిన్.

"ఆవిడెవరు? నిన్ను చూసే. అన్నయ్య ఊరంతా నీ గురించే చెప్పుకుంటున్నాడు తెలుసా!"

"ఫోటో, ఫోటో!" లోర్నా ఫోన్ ఎత్తింది. ఆమె వెనకే ఇంకో పది ఫోన్లు లేచాయి. "పక్కకి తిరుగు బంగారం. గౌను వెనక్కి లాగి పట్టుకో, పొట్ట కనిపించాలి."

కోరిన్ తిరగలేదు. ఒంటి మీద కాగితాన్ని చింపి కిందపడేసింది. "టెస్సా, కారు తియ్యి. ఆస్పత్రికి. నా బిడ్డ కదలడం లేదు. అక్కడ నీకూ చూపిద్దాం."

టెస్సా వెంటనే తాళాలు అందుకుంది.

"ఇదేం చోద్యం! కేకైనా కొయ్యకుండా?" లోర్నా మెట్ల దాకా వెంటపడింది. "ఇంతమందిని పిలిచాను. వాళ్ళకి నేనేం చెప్పాలి?"

కోరిన్ మెట్టు మీద ఆగింది. అత్తగారికి ఎదురు మాట్లాడటం ఆమెకి అదే మొదటిసారి.

"నా కూతుర్ని కడుపులోనే పస్తు పెట్టానని చెప్పండి, లోర్నా. అందుకే వాళ్ళు చప్పట్లు కొట్టారని కూడా చెప్పండి."