పై అలమరలోని కప్పులు

పొద్దున్నే లేవగానే హెస్టర్ ప్రాసర్ చేసే మొదటి పని, వాననీళ్ల ట్యాంకుని వేలి మెటికలతో కొట్టి చూడటం. ఖంగుమంటే నీళ్లు అడుగంటినట్టు, దబ్బుమంటే ఆ వారానికి బెంగ లేనట్టు. కొండవాలులో ఉన్న ఆమె సత్రానికి కుళాయి లేదు. ఇంటికప్పు మీద పడ్డ వానే స్నానానికీ, వంటకీ, టీకీ. కరెంటు ఎండ ఇచ్చినంత. గోడల్లో గొర్రె ఉన్ని కూరారు గనక చలి లోపలికి రావడానికి మొహమాటపడుతుంది. మరుగుదొడ్లో నీళ్లకు బదులు గుప్పెడు రంపంపొట్టు. లండన్ నుంచి దిగినవాళ్లు మొదటిరోజు మొహం చిట్లించి, వెళ్లేరోజు ఇంకో వారం ఉంటామంటారు.

అక్కడి నీళ్ల సంగతి అందరికీ తెలిసిందే. వాన పడుతుండగా ఆ వాకిట్లో ఏం మాట్లాడినా, ఏం చప్పుడైనా నీళ్లు పట్టి ఉంచుతాయి, కాచినప్పుడు వదిలేస్తాయి. ఒక్కసారే. ఆ తర్వాత అవి మామూలు నీళ్లు. వేణ్నీళ్ల తొట్టిలో దిగిన అతిథికి కిందటివారం పోస్టుమాన్ తన మోకాలిని తిట్టుకోవడం వినిపిస్తే, పాపం తగ్గిందో లేదో అనుకుని వీపు రుద్దుకుంటాడు. పాస్టరుగారైతే చినుకు పడగానే నోటికి తాళం వేస్తారు. గుట్టు మాటలున్నవాళ్లు ఎండ కాసేదాకా ఆగుతారు. మా దగ్గర అదేమంత తొందరగా అయ్యే పని కాదు మరి.

ఆల్బన్ గిటిన్స్ మాత్రం ఆగలేకపోయాడు. పొలాల గట్ల మీద ముళ్లకంచెలు అల్లే మనిషి. పడుచువాడిగా ఉన్నప్పుడు, ఓ అక్టోబరు మధ్యాహ్నం సత్రం కంచె పని ముగించి, జోరువానకి చూరు కింద బల్ల మీద కూర్చుని, టోపీని చేతుల్లో పిండుతూ, "హెస్టర్, నన్ను పెళ్లి చేసుకుంటావా?" అని అడిగేశాడు. హెస్టర్ గుండె ఔనంది. నోరు మాత్రం, "ఉండు, టీ పెట్టుకొస్తా" అంది. మా వాళ్లంతే. ఇల్లు అంటుకున్నా ముందు టీకి నీళ్లు పడేసి, ఆ తర్వాతే బకెట్లు వెతుకుతారు.

ఇలాంటి రోజున రోజువారీ మగ్గుల్లో ఇవ్వడమేమిటని, పై అలమరలో వాళ్లమ్మ దాచిన నీలిపూల కప్పులు దింపింది. కడిగింది, తుడిచింది. ఒక సాసరు కనపడక వెతికింది. జుట్టు సవరించుకుంది. కిటికీ అవతల ఆల్బన్ ఏదో అనడం వినపడింది గానీ వాన హోరులో మాట తెలియలేదు. పళ్లెం పట్టుకుని బయటికొచ్చేసరికి బల్ల ఖాళీ. లోపలికెళ్తూ తను చూరు కింద పెట్టిన జాడీ మాత్రం వాననీళ్లతో నిండి ఉంది.

అతనన్నదేదో అందులో ఉందని ఆమెకు తెలుసు. తొందరపడ్డాను, మర్చిపో అని ఉంటాడు. ఆ ముక్క చెవులారా వింటే తట్టుకోలేననుకుంది. జాడీకి మూత బిగించి, మైనం రాసి, సామాన్ల కొట్లో పెట్టేసింది. కప్పులు మళ్లీ పైకెక్కాయి. అతన్నే అడగొచ్చుగా అంటారు మీరు. సంతకి వెళ్లినప్పుడల్లా అడుగుదామనే వెళ్లేది. "చలి ముదిరింది" అనేవాడతను. "గాలి కూడానూ" అనేదామె. అలా వాతావరణం మాట్లాడుకుంటూనే ఇద్దరి జుట్టూ తెల్లబడింది. ఇద్దరికీ పెళ్లి కాలేదు. చివరికి అతన్ని లెడ్‌బరీలో వృద్ధాశ్రమంలో చేర్చారని సంతలో ఎవరో చెప్పారు.

మొన్న వేసవిలో వాన మొహం చాటేసింది. ట్యాంకు రోజూ ఖంగుమంటోంది. సత్రంలో టెస్సా అనే అమ్మాయి దిగి ఉంది, కలుపుగోలు పిల్ల. ఓ మధ్యాహ్నం హెస్టర్ గిన్నెలు కడిగిన నీళ్లు మోసుకెళ్లి బఠాణీ పాదులకు పోస్తుంటే, పెద్దావిడ అలసిపోతోంది, టీ ఇద్దామని టెస్సా వంటింట్లోకి వెళ్లింది. చుక్క నీళ్లు లేవు. కొట్లో జాడీ కనపడింది.

"హెస్టర్ గారూ, రండి, టీకి నీళ్లు పెట్టాను," అని కిటికీలోంచి పిలిచింది. "ఆ జాడీలోవి. ఎప్పటివో గానీ అద్దంలా ఉన్నాయి."

హెస్టర్ చేతిలోని బకెట్టు పాదుల్లో పడిపోయింది. పరుగున వచ్చేసరికి కట్టెల పొయ్యి మీద కెటిల్ సన్నగా మూలుగుతోంది. పిడి పట్టుకుంది. దించేస్తే ఆ మాట తను పోయేదాకా దాగి ఉంటుంది. దించలేదు. ఆమె మొహం చూసి టెస్సా స్టూలు జరిపింది.

ముందు వాన చప్పుడొచ్చింది. ఆ వెనకే పడుచు ఆల్బన్ గొంతు.

"హెస్టర్, నీకిష్టం లేకపోతే మళ్లీ బయటికి రాకు. లోపలే ఉండిపో. మొహం మీద కాదనే ఇబ్బంది నీకెందుకు, నేనే అర్థం చేసుకుని వెళ్లిపోతా."

మళ్లీ వాన. ఎంతసేపో వాన. ఇంట్లోంచి కప్పూ సాసరూ తగిలిన చప్పుడు, సన్నగా.

"ఇంక రాదులే," అన్నాడు ఆల్బన్. బురదలో బూట్లు దూరమయ్యాయి. కెటిల్ మామూలు కెటిల్‌లా ఈల వేసింది.

"పాలు కలపనా?" అంది టెస్సా మెల్లిగా.

"వద్దమ్మా," అంది హెస్టర్. ఆ ఇంట్లో టీకని కాచిన నీళ్లు టీ కాకుండా చల్లారడం అదే మొదలు. స్టూలెక్కి నీలిపూల కప్పులు రెండూ సాసర్లతో సహా దింపి, తువ్వాల్లో చుట్టుకుని, లెడ్‌బరీ బస్సెక్కింది.

ఆల్బన్ కిటికీ పక్కన కుర్చీలో ఉన్నాడు, టోపీ పెట్టుకునే. మనుషుల పేర్లు ఆయన్ని వదిలి చాన్నాళ్లయిందని నర్సు చెప్పింది. హెస్టర్ ఎదురుగా కూర్చుంది.

"ఎండలు మండిపోతున్నాయి," అన్నాడతను మర్యాదగా.

గాలి కూడా లేదు, అనబోయి నాలిక కరుచుకుంది. "కప్పులు వెతుకుతూ ఉండిపోయాను ఆల్బన్. మంచివి. అందుకే ఆలస్యమైంది. ఔననడానికే వస్తున్నా."

అతను ఎవరో పరాయి మనిషిని చూసినట్టు చూశాడు. గొంతు తగ్గించి, "కాస్త మెల్లిగా మాట్లాడండి," అన్నాడు. "ఒకమ్మాయి టీ పెట్టడానికి లోపలికెళ్లింది. వెళ్లిపోదామనుకున్నా గానీ, ఈ వానలో ఎక్కడికని పోతాను? ఇంకాసేపు చూస్తా."

బయట ఎండ పేలుతోంది. హెస్టర్ తువ్వాలు విప్పి కప్పులు కిటికీ అంచు మీద పెట్టబోయింది. కప్పూ సాసరూ తగిలి గలగలమన్నాయి.

ఆల్బన్ ఆ చప్పుడు విన్నాడు. తలుపు వైపు తిరిగి, వీపు నిటారుగా పెట్టి, టోపీ తీసి మోకాళ్ల మీద పెట్టుకున్నాడు.

"అదిగో," అన్నాడు, "వస్తోంది."