ఆరో బోల్టు

కాదు, విరిగే ముందు బోల్టు చెప్పి తీరాలి. ముప్పై ఏళ్లుగా చెబుతూనే ఉంది. తుప్పు పట్టిన బోల్టు వదిలేటప్పుడు కీచుమంటుంది, పానా పిడి చిన్నగా కుదుపుతుంది. తెగిపోయే బోల్టు అలా కాదు, చప్పుడు చెయ్యకుండా ఉడికిన దుంపలా మెత్తబడుతుంది. ఆ మెత్తదనం వేళ్లకి తగలగానే ఆగిపోవాలి, వెనక్కి తిప్పాలి, నూనె కొట్టి కాసేపు కూర్చోవాలి. ఈ మాట బావమరిదికి నేర్పింది తనే. మరి ఇవాళ తన వేళ్లకి ఎందుకు చెప్పలేదు?

రిపేరు షెడ్డులో కారు ముందు వంగి మళ్లీ లెక్క చూసుకున్నాడు. పొగ గొట్టాన్ని ఇంజనుకి బిగించే బోల్టులు ఎనిమిది. అయిదు వచ్చాయి. ఆరోదాని తల ఊడి, మొండెం లోపలే ఉండిపోయింది. అక్కడితో ఆగినా బాగుండేది. మొండెం నడిమధ్యన బెజ్జం వేసి, విరిగిన బోల్టుల్ని లాగే ఎక్స్‌ట్రాక్టరు దించి తిప్పాడు. అదీ పుటుక్కుమంది. బోల్టుని తీయాల్సిన పుల్ల ఆ బోల్టులోనే విరిగింది. దాని ఉక్కు ఎంత గట్టిదంటే, డ్రిల్లు బిట్టు దానిమీద జారి పక్కనున్న మెత్తటి అల్యూమినియాన్ని తినేస్తుంది. ఇప్పటికే రెండుసార్లు జారింది. ఇంకోసారి జారితే ఇంజను హెడ్డే మార్చాలి.

"బోల్టు పుచ్చుది," అన్నాడు, ఎవరూ అడక్కుండానే.

బల్ల దగ్గర టీ తాగుతున్న బావమరిది తలెత్తాడు. "పోయిన వారం చక్రం బోల్టూ పుచ్చుదే. అంతకు ముందుదానిదీ అదే జబ్బు. ఊళ్లో పుచ్చు బోల్టులన్నీ నీ అడ్రసు కనుక్కుని మరీ వస్తున్నాయి బావా."

"నోరు మూసుకుని టీ తాగు."

"నోరు మూసుకుంటే టీ ఎలా తాగను? బోల్టుని వేడి చేద్దామని పొద్దున్నే మొత్తుకున్నాను."

"నాకు నువ్వు చెబుతావా?"

"చెప్పను. నాలుగింటికి కారు ఓనరమ్మ వస్తుంది, ఆవిడకి నువ్వే చెప్పుకో."

ఒళ్లు మండింది. బోల్టు మీదా, బావమరిది మీదా, టీ జుర్రుతున్న ఆ చప్పుడు మీదా. కానీ ఆ మంట కింద ఇంకోటి ఉంది, దాని వైపు చూడకుండా మూడు నెలలు నెట్టుకొచ్చాడు. కుడిచేతి వేళ్ల కొసలు తనవి కానట్టున్నాయి. చొక్కా గుండీలు కళ్లతో చూస్తే తప్ప పెట్టుకోలేకపోతున్నాడు. జేబులో చెయ్యి పెడితే తాళంచెవో వాషరో తెలియడం లేదు. భార్యకి చెప్పలేదు. చెబితే తమ్ముడి చెవిన వేస్తుంది. ఆ తమ్ముడు నవ్వడు, అదే భయం. నవ్వకుండా, ఎంతో మర్యాదగా, తన చేతిలోంచి పానా తీసుకుంటాడు. ఆ తర్వాత ఈ షెడ్డులో తనెవరు? కుర్చీలో కూర్చుని వచ్చేపోయేవాళ్లని పలకరించే పెద్దమనిషి.

"జరుగు బావా."

బావమరిది బ్యాటరీ తీగ ఊడదీసి, వెల్డింగు మిషను లాక్కొచ్చాడు. విరిగిన పుల్ల గోరంత పైకి ఉంది. దాని మీద ఒక నట్టు కూర్చోబెట్టి, నట్టు కన్నంలోంచే వెల్డింగు పోసి రెంటినీ అతికించాడు. ఎర్రదనం తగ్గాక పానా తగిలించి అటూ ఇటూ ఆడించాడు. కీచుమంది. నట్టూ, పుల్లా, బోల్టు మొండెమూ ఒక్కటై బయటికొచ్చాయి. దాన్ని పటకారుతో పట్టి రేకు మీద పెట్టాడు. అయిదు నిమిషాలు పట్టలేదు. తనకి పొద్దుటి నుంచీ పట్టింది.

తను దాన్ని చేతిలోకి తీసుకుని కళ్లకి దగ్గరగా పెట్టుకున్నాడు. బోల్టు మరచుట్ల మధ్య ఎక్కడైనా ఒక పాత పగులు కనిపిస్తే చాలు. వెంట్రుకంత గీత చాలు. తిప్పి తిప్పి చూశాడు. మరచుట్లన్నీ నిక్షేపంగా ఉన్నాయి.

"బావా, వదులు! చెయ్యి కాలిపోతోంది!"

ముందు వాసన తెలిసింది. తర్వాత పొగ కనిపించింది. బావమరిది మణికట్టు మీద కొట్టాక గానీ ఇనుము కింద పడలేదు. రెండు వేళ్ల కొసలు తెల్లగా ఉబ్బాయి.

బావమరిది ఆ చేతిని బకెట్టు నీళ్లలోకి దించి, పైకి రానివ్వకుండా పట్టుకున్నాడు. "నొప్పి లేదా?"

"కాయలు కాసిన చెయ్యి కదా."

"నాకూ కాశాయి. నేనైతే అరుస్తాను." గొంతు తగ్గించి అడిగాడు. "ఎన్నాళ్ల నుంచి?"

ఎన్ని అబద్ధాలు తిరగేసినా ఒక్కటీ సరిపోలేదు. చేతిని నీళ్లలోంచి లాక్కున్నాడు.

మూడు దాటింది. ఏడోదీ ఎనిమిదోదీ మిగిలాయి. అతను చెయ్యి తుడుచుకుని పానా ఏడో బోల్టుకి తగిలించాడు. బావమరిది ఆపలేదు. ఆపి ఉంటే తిట్టడానికైనా వీలుండేది. పిడి మీద బరువు మోపాడు. కుదిపిందో, మెత్తబడిందో. వేళ్లకి అది గోడ అవతల ఎవరో మాట్లాడుకుంటున్నట్టుంది, మాటలు అందడం లేదు. ఇంకాస్త మోపితే తెలుస్తుందేమో. ఇంకొక్క రవ్వ.

ఆగాడు. పానాని బోల్టుకే వదిలేసి పక్కకి జరిగాడు. బల్ల మీదున్న టార్చి ఎడంచేత్తో అందుకుని, బావమరిదికి ఏడో బోల్టు కనబడేలా పట్టుకున్నాడు.