ఐదున్నర శ్రుతి

…శ్రుతి తప్పిందని ఎందుకన్నాను, ఈ శ్రుతిపెట్టెలో ఏ లోపమూ లేదని నాకు తెలుసు కదా, ఎచ్చెర్ల నుంచి ఒళ్ళో పెట్టుకుని బస్సులో వస్తున్నంతసేపూ ఆ ఒక్క అబద్ధమే వల్లించుకున్నాను, ఇప్పుడు నరసింగరావు గారు మరలు ఒక్కొక్కటే విప్పి రేకు మూతలో టంగుమని వేస్తున్నారు, ఎక్కడ కొన్నారమ్మా ఇది అని అడిగారు రాగానే, ఫోన్లో అన్నాను, ఫోన్లోనేటి, అదీ పలుకుతాది లెండి అన్నారు, అంతే, ఒక్క మాట దెప్పలేదు, దెప్పినా బాగుండేది, నేనూ ఏదో ఒకటి అనేసి పెట్టె పట్టుకుని ఆటో ఎక్కేసేదాన్ని, ఇంతకాలం విజయనగరం గంటస్తంభం వెనక ఈ వాయిద్యాల కొట్టు గుమ్మం తప్ప మరో గుమ్మం తొక్కనిదాన్ని, కావాలంటే మా ఊరికి దగ్గరగా శ్రీకాకుళంలో ఎవరికో చూపించుకోవచ్చు కదా, మళ్ళీ ఇక్కడికే ఎందుకు వచ్చాను.

ఈ వాసనే, తోలూ లక్కా కలిసిన ఈ వాసనే, ఓణీ వేసుకుని నాన్న వెనక దాక్కున్న రోజున కూడా, శ్రుతిపెట్టె ఒకటి ఇవ్వండి అన్నారు నాన్న, నరసింగరావు గారు పెట్టెల వైపు చూడకుండా నా వైపు చూసి, పాడమ్మా, ముందు నీ గొంతు పలకాల, తరవాతే నా పెట్టె, అన్నారు, ఎవరొచ్చినా అదే వరస, మాకంటే ముందొచ్చిన భజనబృందం పెద్దాయన చేత కూడా పాడించబోతే ఆయనకి దగ్గు తప్ప ఏమీ రాలేదు, ఈ శ్రుతికి పెట్టె ఇంకా కట్టనేదు బావా అంటే కొట్టంతా ఒకటే నవ్వు, నేను మాత్రం గోడకున్న మృదంగాల్ని చూస్తూ సా అన్నాను, నవ్వులు ఆగిపోయాయి, ఐదున్నర, అనుమానం నేదు, ఇత్తడి బిందె మీద గోటితో మీటినట్టున్నాది, అన్నారాయన, ఆ మాటని ఎన్నేళ్ళు మోశానో, తెలిసినవాళ్ళు యమున అనేవారు, లోపల నేను మాత్రం ఐదున్నరని.

మెడకి ఆపరేషన్ కత్తి పడ్డాక గొంతు కొంచెం దిగొచ్చు అని డాక్టరు ముందే చెప్పారు, దిగింది, ఇంటికొచ్చాక వంటింట్లో మెల్లగా సా అందుకుంటే అది సగం దారిలో చీలిపోయి ఆగింది, ఆ తర్వాత మనిషి వినేలా పాడలేదు నేను, అప్పుడే ఎలుక పాత పెట్టె తిత్తి కొరికేసింది, బాగుచేయించాలంటే ఇక్కడికి రావాలి, వస్తే ఓపాలి పాడండమ్మా అంటారు, అందుకే మా ఆయన రమేష్‌బాబు, ఇజీనారం దాకా ఏటి ఎల్తావే, ఫోన్లో నొక్కితే ఇంటికొచ్చీదానికి, అన్నప్పుడు నా ముఖంలో వెలుగు చూసి బద్ధకం అనుకున్నాడు పాపం, ఫోను రంగు అడిగింది, చిరునామా అడిగింది, ఏ శ్రుతి కావాలో అడిగింది, పాడమని అడగలేదు, నాకు కావలసిందీ అదే, బొటనవేలు తనంతట తానే ఐదున్నర మీదికి వెళ్ళింది, అడిగింది అడిగినట్టే వచ్చింది, దాని పక్కన కూర్చుని నేను తాళం వేస్తున్నాను, పాట బిందు పాడుతుంది, శ్రీకాకుళం బజారులో బట్టల కొట్టు వాళ్ళ కోడలు, నా దగ్గర కొత్తగా నేర్చుకుంటోంది, మొన్న పాట మధ్యలో ఆపేసి, ఏటండి యమునమ్మగారూ, నన్ను నడి సెరువులో దింపీసి మీరు గట్టు మీద కూకుంటే ఈతెలాగొస్తాదండి, అని నవ్వింది, నేనూ నవ్వాను, ఆమె వెళ్ళాక చాలాసేపు ఆ పెట్టె వైపు చూడలేకపోయాను.

మరలు బిగించేశారు, తిత్తి ఊపుతున్నారు, ఐదున్నర కొట్టంతా నిండింది, ఎంత నిండుగా ఉంది, ఎంత దూరంగా ఉంది, తప్పేటీ నేదమ్మా, సుబ్బరంగున్నాది, మీకు ఏటి తేడాగున్నాది, ఓపాలి పాడండి సూద్దాం, అంటున్నారు, అదే గొంతు, అందరినీ అడిగినట్టే, నా మెడ వైపు కూడా చూడలేదు, ఈ పెట్టె నాకోసం కొనలేదు నేను, ఓణీ వేసుకుని ఇక్కడ నిలబడ్డ ఆ పిల్లకోసం కొన్నాను, ఆమె రాదు, ఆమెకి వచ్చిన సరుకుని నేను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను, గొంతు పోయిందని ఇన్ని నెలలు కుమిలానే గాని, ఉన్నది ఎక్కడుందో ఒక్కసారి వెళ్ళి చూశానా, దిగింది అన్నారు డాక్టరు, పోయింది అనలేదు, పోయింది అన్నది నేనే, నరసింగరావు గారు ఇంకా ఎదురు చూస్తున్నారు, చెయ్యి చాచి తిత్తి మీద పెట్టాను, ఆ శ్రుతి చిన్న నిట్టూర్పుతో ఆగిపోయింది, మెడ చుట్టూ బిగించిన కొంగు వదులు చేసుకుని, మృదంగాల వైపు కాదు, ఆయన వైపే చూస్తూ, గొంతు ఎక్కడ దొరికితే అక్కడి నుంచి, సా అన్నాను.