నేను మెక్సికో రాయిని కాను

నేను ఒక సన్నికల్లును. కోపంగా ఉన్నాను. ఈ రెండు సంగతులూ ముందే చెప్పేస్తే మీకూ నాకూ సుఖం.

విజయనగరం అవతల ఒక నల్లరాతి కొండలో పుట్టాను. గవరయ్య అనే రాతిపనివాడు నన్ను కొండ నుంచి విడదీసి, మూడు రోజులు సుత్తీ ఉలీ పట్టుకుని పలకలా చదును చేశాడు. నాలుగో రోజు పొద్దుట్నుంచి పొద్దుగూకే దాకా నా ముఖం మీద గంట్లు కొట్టాడు. ఒక్కొక్కటి మినపగింజంత. కొన్ని వందలు. ఆ గంట్లే నాకు పళ్ళు. అవి ఉంటే పనిముట్టును, లేకపోతే ఉత్త బండను. నా మీద దొర్లి నూరడానికి అదే కొండ ముక్కతో ఒక పొత్రం కూడా చేసి, ఇద్దర్నీ ఎడ్లబండి ఎక్కించాడు.

విశాఖపట్నం మహారాణిపేటలో ఆదిలక్ష్మి గారి వంటింట్లో దిగాను. ఇరవై రెండేళ్ళు ఆ ఇంటి అల్లం, ధనియాలు, ఎండుమిర్చి, గసగసాలు నా ఒంటి మీదే నలిగాయి. తరవాత మిక్సీ వచ్చింది. దాని గొంతు విని మొదటి రోజు నవ్వుకున్నాను. రెండో వారానికి నన్ను పెరట్లో నీళ్ళ డ్రమ్ము కింద ఎత్తు కోసం పెట్టారు. ఆ ఇంట్లో రెండు పెళ్ళిళ్ళు జరిగినప్పుడు మాత్రం కడిగి, పసుపు రాసి, మండపంలోకి మోసుకెళ్ళారు. పెళ్ళికూతురి పాదం నా మీద పెట్టించి, ఈ రాయిలా స్థిరంగా ఉండమని పురోహితుడు చెప్పాడు. ఆ స్థిరమైన రాయి మర్నాటికి మళ్ళీ డ్రమ్ము కింద ఉంది. మనుషులు గౌరవించే పద్ధతి నాకు అప్పుడే అర్థమైంది.

ఆ ఇల్లు కూలగొట్టి అపార్ట్‌మెంటు కట్టే రోజున, అక్కడ అంట్లు తోమే నూకరత్నం నన్ను గోనెసంచిలో వేసుకుని పెదజాలారిపేటలో తన ఇంటికి తీసుకుపోయింది. ఎవరూ అడ్డు చెప్పలేదు. అసలు ఎవరూ చూడలేదు.

నూకరత్నం ఇల్లు నాకు నచ్చింది. రోజూ చేపల పులుసుకు మసాలా నూరేది. ఆర్నెల్లకోసారి మొగుడి ఉలి తీసుకుని, అరిగిన నా గంట్లను మళ్ళీ తట్టి లేపేది. అది వాళ్ళమ్మ విద్య. వాళ్ళమ్మ వీధి వీధీ తిరిగి రోళ్ళకు గంట్లు కొట్టి బతికిందట.

రోసాలియా సంగతి నూకరత్నం మొగుడితో చెబుతుంటే విన్నాను. నూకరత్నం పనిచేసే మరో ఇంట్లో అద్దెకుండేది రోసాలియా. మెక్సికోలో వహాకా అనే ఊరు. ఓడల్లో ఉద్యోగాలకు వెళ్ళేవాళ్ళకు స్పానిష్ నేర్పడానికి విశాఖ వచ్చి మూడేళ్ళయింది. ఆ మూడేళ్ళూ ఆమె తిండి కోసం ఏడవలేదు, తిట్టుకుంది. ఆమెకు కావలసింది తోర్తియా, అంటే మొక్కజొన్న రొట్టె. ఊళ్ళో ఆ పేరుతో దొరికేవన్నీ మైదా చపాతీలు.

తనే చేసుకోబోయింది. సూపర్ మార్కెట్లో దొరికే తీపి కంకులు పనికిరాలేదు. ముదురు గింజల కోసం తిరిగి తిరిగి చివరికి కోళ్ళ మేత దుకాణానికి వెళ్ళింది.

"ఎన్ని కోళ్ళున్నాయమ్మా?" అన్నాడట దుకాణదారు.

"ఒక్కటే. అది నేనే," అందట.

ఆ గింజల్ని సున్నం నీళ్ళలో ఉడకబెట్టి, రాత్రంతా నానబెట్టి, పొట్టు కడిగి నూరాలి. వాళ్ళ పద్ధతి అది. కిళ్ళీకొట్టువాడి దగ్గర సున్నం డబ్బా మొత్తం కొనేస్తే, ఈవిడకి ఇదేం అలవాటని అతను నూకరత్నాన్ని పిలిచి అడిగాడు. అంతా చేసి మిక్సీలో వేస్తే జిగురు ముద్దయింది. గ్రైండర్లో వేస్తే దోసెల పిండిలా జారింది. రోసాలియా వంటింటి నేల మీద కూర్చుని, మెతాతే ఉంటే గానీ ఇది కాదు అంది.

"మెతాతే అంటే ఏటి?"

రోసాలియా బొమ్మ గీసి చూపించింది. పలక రాయి, దాని మీద దొర్లే ఇంకో రాయి.

"ఓస్, ఇదా. మా ఇంట్లో ఉన్నాది కదేటి. అడగొచ్చు కదా రోసమ్మా," అంది నూకరత్నం.

ఆ మధ్యాహ్నం ఆటోలో వెళ్ళాను. రోసాలియా నా ముందు మోకాళ్ళ మీద కూర్చుని, అరచేతితో నా ముఖం తడిమి చూసింది. వాళ్ళ ఊరి రాయికి మూడు కాళ్ళుంటాయట, ముందుకు వాలి ఉంటుందట. నా వెనక అంచు కింద రెండు ఇటుకలు పెట్టి వాలు తెచ్చుకుంది. పొత్రం పొట్టిదని గొణిగింది. తరవాత గొణగడం మానేసి నూరింది. మొక్కజొన్న నాకు కొత్త. మసాలాలా ఘాటు లేదు, వానకు తడిసిన మట్టి వాసన. ముద్ద కుదిరింది. అరచేతుల మధ్య తట్టి పెనం మీద వేస్తే రొట్టె పొంగింది. ఉప్పు చల్లుకుని తింది. తిన్నాక వాళ్ళ భాషలో ఏదో అంది.

"ఏటన్నావు?"

"బూతు," అంది రోసాలియా.

అక్కడితో ఆగితే ఈ కథలో కోపం ఉండేది కాదు. ఆమె పనిచేసే స్పానిష్ బడి మూతపడింది. అప్పుడు కోరాడ హరినాథ్ దొరికాడు. బీచ్ రోడ్డులో 'కాక్టస్ కోట' అనే మెక్సికన్ రెస్టారెంటు అతనిది. వడ్డించేవాళ్ళందరికీ గొడుగంత గడ్డి టోపీలు. వంటల్లో మైదా రొట్టె, టమాటా సాసు, గిన్నెడు చీజు. రోసాలియాను ప్రధాన వంటమనిషి అని కాగితం మీద రాసి తీసుకున్నాడు. చేర్చుకున్నాక పూల గౌను తొడిగించి గుమ్మం దగ్గర నిలబెట్టాడు. వచ్చినవాళ్ళకు నవ్వుతూ 'ఓలా', అంటే వాళ్ళ భాషలో నమస్కారం, అనడం ఆమె ఉద్యోగం. వంటగదిలోకి వెళితే "మేడమ్, బయట గెస్టులు" అని వెనక్కి పంపేవాడు. ఆమె వెంట వెళ్ళిన నూకరత్నానికి మాత్రం అదే వంటగదిలో అంట్ల పని ఇచ్చాడు.

ఐదు నెలలు 'ఓలా' అన్నాక రోసాలియా అతని గదిలోకి వెళ్ళి, వంట చేయనివ్వకపోతే ఆ గౌను అతన్నే తొడుక్కోమంది. నూకరత్నం తలుపు బయటే ఉండి అంతా వింది.

"సరే మేడమ్. ఆదివారం మధ్యాహ్నం ఒక్క పూట మీది. నలభై మంది నా పాత కస్టమర్లను పిలుస్తాను. ప్లేట్లలో మిగిలితే మళ్ళీ వంట మాట ఎత్తకూడదు. గుమ్మం దగ్గర నవ్వుతూ నిలబడాలి."

"మిగలకపోతే?"

"కిచెన్ మీదే. నేను గడప తొక్కను."

శుక్రవారం నన్ను రెస్టారెంటుకు తెచ్చారు. శనివారం సాయంత్రం రోసాలియా గింజలు ఉడకబెట్టి, నానేసి, ఇంటికి వెళ్ళింది. ఆమె అటు వెళ్ళగానే హరినాథ్ ఇటు వచ్చాడు. నా చుట్టూ తిరిగి చూశాడు. అతని కళ్ళలో మెరుపు చూసి నాకు భయం వేసింది. గంటలో నేను గ్రానైటు పలకలు కోసే షెడ్డులో ఉన్నాను.

అక్కడ ఏం జరిగిందో ఒక్క ముక్కలో చెబుతాను. పాలిష్ మిషను పెట్టి నా పళ్ళన్నీ అరగదీశారు.

తరవాత మైనం రుద్దారు. హాలు మధ్యలో ఎత్తు పీట మీద కూర్చోబెట్టి, మెడలో బంతిపూల దండ వేసి, వెనక బోర్డు నిలబెట్టారు. "వెయ్యేళ్ళ నాటి మెక్సికో రాయి. ఓడలో తెప్పించినది." హరినాథ్ నాలో తన ముఖం చూసుకుని జుట్టు సర్దుకున్నాడు. పాపం, అతను నిజంగానే నాకు మేలు చేశాననుకున్నాడు. నాకు ఎక్కువ మంట పుట్టించింది అదే.

ఆదివారం తొమ్మిదింటికి రోసాలియా వచ్చింది. బోర్డు చదివింది. దండ తీసి, పిడికెడు గింజలు నా మీద పోసి, పొత్రం తోసింది. గింజలు నలగలేదు. జారి నేల మీద దొర్లాయి. మళ్ళీ పోసింది. మళ్ళీ దొర్లాయి.

"ఎవరు చేశారు?"

"నేనే. అద్దంలా ఉంది కదా," అన్నాడు హరినాథ్. "మీ దేశంలో కూడా దీనికి ఇంత మర్యాద ఉండదు మేడమ్."

"ఇది ఇక పని చెయ్యదు."

"పని ఎందుకండీ? లోపల నాలుగు మిక్సీలున్నాయి. దీన్ని చూడ్డానికి పెట్టాం."

"నన్నూ చూడ్డానికే పెట్టారు," అంది రోసాలియా.

నూకరత్నం చేతులు కొంగుకు తుడుచుకుంటూ వంటగదిలోంచి వచ్చింది. నన్ను చూసింది. వేలితో రాసి చూసింది.

"బాబూ, నీ నోట్లో పళ్ళన్నీ అరగదీసేసి సెరుకు ముక్క సేతికిత్తే నమల్తావేటి?"

అతను నవ్వేశాడు. ఆమె నవ్వలేదు. ఆటో ఎక్కి ఇంటికెళ్ళి, అరగంటలో మొగుడి ఉలీ సుత్తీ పట్టుకొచ్చింది. ఇద్దరూ కలిసి నన్ను పీట మీంచి దించి, హాల్లోనే నేల మీద పెట్టారు. నూకరత్నం కొంగు దోపుకుని మొదలుపెట్టింది. టక్, టక్, టక్. ప్రతి దెబ్బకూ నాకు ప్రాణం లేచి వచ్చింది. హరినాథ్ పరుగున వచ్చి పాలిష్ పోతోందని గగ్గోలు పెట్టాడు.

"రాయి నాది బాబూ," అంది తలెత్తకుండా.

గంట పట్టింది. కానీ గంట్లు కొట్టగానే నూరడం కుదరదు, రాతిపొడి తిండిలో కలుస్తుంది. రోసాలియా బియ్యం పోసి నూరింది. నల్లగా వచ్చింది, పారేసింది. రెండోసారి బూడిదరంగు. పారేసింది. ఆరోసారికి తెల్లగా వచ్చింది. గడియారంలో పదకొండున్నర. భోజనాలు ఒంటిగంటకు. ఇక వంతులు వేసుకుని నూరారు. ఒకరి భుజాలు పడిపోతే ఇంకొకరు. నానిన గింజల్లో సగం కూడా అవలేదు, మనుషులు రావడం మొదలుపెట్టారు. నన్ను దాటుకుంటూ, ఫోటోలు తీసుకుంటూ బల్లల దగ్గర కూర్చున్నారు.

ఉన్న పిండికి లెక్కగా మనిషికి ఒక్క రొట్టె వచ్చింది. ఉడికించిన రాజ్మా, కాల్చిన ఎండుమిర్చీ టమాటా నా మీదే నూరిన పచ్చడి. అంతే.

"ఒక్కటేనా?" అని మొదటి బల్ల దగ్గర ఒకాయన. "చీజు మర్చిపోయారు," అని రెండో బల్ల. రోసాలియా పొత్రం పట్టుకునే నిలబడింది. కాసేపటికి అందరూ నమలడంలో పడ్డారు. ఒక బల్ల దగ్గర ఆడమనిషి మొగుడి ప్లేటులోంచి రొట్టె ముక్క తుంచుకుంటే, అతను ప్లేటు పక్కకు జరిపేసుకున్నాడు. నూకరత్నం ప్లేట్లు తీస్తూ వచ్చింది. ఒక్కొక్కటీ హరినాథ్ ముందు వంచి చూపించింది. నలభైలోనూ పచ్చడి మరకలే మిగిలాయి.

హరినాథ్ వ్యాపారస్తుడు. గాలి మారిందని తెలియగానే మైకు అందుకున్నాడు.

"ఈ రోజు నుంచి మా కిచెన్ రోసాలియా మేడమ్‌ది. ఈ రుచి రహస్యం మీ ముందే ఉంది. మెక్సికో నుంచి ఓడలో వచ్చిన వెయ్యేళ్ళ రాయి. ఇండియాలో ఇదొక్కటే."

సన్యాసిరావు అని, పోర్టులో ముప్పై ఏళ్ళు ఓడలను లోపలికి తెచ్చి రిటైరైన పెద్దమనిషి, మూతి తుడుచుకుంటూ అడిగాడు. "ఏ ఓడలో వచ్చిందండీ?"

హరినాథ్ "మేడమ్ చెప్తారు," అని మైకు ఆమె చేతిలో పెట్టాడు. చెవి దగ్గర చిన్నగా అన్నాడు, నాకు వినపడింది. "ఏదో ఒక పేరు చెప్పండి. కిచెన్ మీదైపోయింది కదా."

రోసాలియా ఒక్క క్షణం నా వైపు చూసింది.

"ఓడ లేదు. ఇది మాది కాదు, మీదే. విజయనగరం రాయి, నూకరత్నంగారిది. మా ఊరి రాయికి కాళ్ళుంటాయి. దీనికి కాళ్ళు లేవు, నిన్న సారు పళ్ళు కూడా తీయించేసినారు."

హాలంతా నవ్వింది. "మా ఇంట్లోనూ ఉందండీ, కుళాయి కింద," అంది ఒకావిడ. "మాది పూలకుండీ కింద," అంది ఇంకొకావిడ. వాళ్ళ నవ్వు చూస్తే నాకు ఇంకా మండింది. కుళాయి కింద ఉన్నవాళ్ళు నా తోబుట్టువులు.

జనం వెళ్ళాక హరినాథ్ ముఖం ఎర్రగా ఉంది. "ఒక్క మాట, మేడమ్. ఆ ఒక్క మాట మింగితే కిచెన్ మీదయ్యేది."

"ఆ మాట మింగితే కిచెన్ నాకెందుకు?"

సాయంత్రం లోపు ముగ్గురం ఆటోలో ఉన్నాం. రోసాలియా గౌను గుమ్మం దగ్గరే వేలాడదీసి వచ్చింది.

ఇప్పుడు నేను నూకరత్నం ఇంటి అరుగు మీద ఉంటున్నాను. వారమంతా రోసాలియా కంప్యూటర్లో స్పానిష్ పాఠాలు చెబుతుంది. ఆదివారం ఇక్కడ రొట్టెలు. సన్యాసిరావు మొదటి వారమే ఆరుగురిని వెంటబెట్టుకుని వచ్చాడు. కాక్టస్ కోటకు వెళ్ళినవాళ్ళు ఆ రొట్టె ఏదని అడుగుతున్నారట. రెండో వారం హరినాథ్ మేనేజరు వచ్చాడు.

"సార్ ప్రతి ఆదివారం నలభై రొట్టెలు పంపమన్నారు."

"ఆయన్నే వచ్చి నూరమను," అంది రోసాలియా.

అతను రాడనుకున్నాను. మూడో ఆదివారం కారు వీధి మొదట్లో ఆపి, నడిచి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా చేతులు మడిచి, ఇరుగుపొరుగంతా చూస్తుండగా నా ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. పొత్రం పట్టడం రాలేదు. వేళ్ళు లోపలికి ముడుచుకుని తోశాడు. సందు దొరికింది కదా అని వేలి కణుపుల దగ్గర కాస్త తోలు తీసుకున్నాను. పిండిలో నెత్తురు పడకముందే రోసాలియా అతని చెయ్యి లాగి నీళ్ళు పోసి, మళ్ళీ కూర్చోబెట్టింది.

ముప్పావు గంటకు మూడు రొట్టెల పిండి వచ్చింది. చొక్కా వీపుకు అతుక్కుపోయింది. రోసాలియా ఒక రొట్టె కాల్చి, ఉప్పు చల్లి ఇచ్చింది. అరుగు అంచున కూర్చుని తిన్నాడు. తరవాత తల వంచుకునే అడిగాడు.

"ఇంకోటి ఇస్తారా?"

రోసాలియా గుప్పెడు గింజలు నా మీద పోసి, పొత్రాన్ని అతని వైపు జరిపింది.

"నూరండి."