కాజాలు కుట్టిన చేతులు

"పనే చేయని మనిషికి కార్మికుల వైద్యం కార్డు ఎలా ఇస్తామమ్మా?" అన్నాడు ఆఫీసరు.

చక్రాల కుర్చీలో మా ఆడపడుచు తలొంచుకుంది. చిన్నప్పుడే కాళ్లు పడిపోయాయి. కూర్చుని కూర్చుని తుంటి మీద పుండు పడి చీము ఎముక దాకా పోయింది. కార్డు లేకుండా ఆపరేషన్ చేసేది లేదని ఆసుపత్రివాళ్లు తేల్చేశారు. కార్డు కావాలంటే తను కొన్నేళ్లు పనిచేసిందని యజమాని చెప్పాలి.

యజమానంటే మా బట్టల షెడ్డు కాంట్రాక్టరు. పక్కనే ఉన్నాడు. "ఈవిడెవరో నాకు తెలీదు సార్. చొక్కాలకు కాజాలు కుట్టేది వాళ్ల వదిన" అని నన్ను చూపించాడు.

అవిటివాళ్లను షెడ్డు గడప తొక్కనివ్వడు మహానుభావుడు. అందుకే చొక్కాల మూటలు మేం ఇంటికి మోసుకెళ్తాం. కుట్టేది వాళ్లు, పేరు మాది. ఆ సంగతి వాడికీ తెలుసు. మీ షెడ్డుల్లో ఇలా జరగడం లేదా? గుండెమీద చెయ్యేసుకుని చెప్పండి.

"ఎవరు కుట్టారమ్మా?" ఆఫీసరు నన్నడిగాడు.

కాంట్రాక్టరు నన్నే చూస్తున్నాడు. నిజం చెబితే రేపట్నుంచి నాకూ పనుండదు.

"నేనే" అన్నాను. సిగ్గుతో చచ్చిపోయాను.

తిరిగొచ్చే దారిలో మా ఆడపడుచు ఒక్క మాటే అంది. "పోన్లే వదినా. నీ పనైనా ఉండనీ."

చెప్పుతో కొట్టినా బావుండేది.

ఆ సాయంత్రం టీ వేళ షెడ్డులో అందరికీ చెప్పేసి ఏడ్చాను. ఇస్త్రీ చేసే పెద్దమ్మ కసిరింది. "నీ ఒక్కదానికేనా సిగ్గు? మా కోడలు కుట్టేదంతా ఎవరి పేరు మీదుందే? నా పేరు మీద కాదూ?"

షెడ్డులో సగం ఇళ్లది ఇదే కథ.

"గుట్టుగా ఉంటేనే కూడు. బయటపడితే రోడ్డున పడతాం" గొణిగాడు కటింగ్ మాస్టరు. వాళ్ల తమ్ముడికి రెండు చేతికర్రలు.

"పడదాం! ఇళ్లలో కుట్టేవాళ్లను కూడా తెచ్చి అక్కడే కూర్చోబెడదాం" అంది పెద్దమ్మ.

పొద్దున్నే గేటు ముందు చాపలు పరిచాం. కుర్చీల్లో, చాపల మీద కూర్చుని వాళ్లు కాజాలు కుడుతున్నారు. చుట్టూ మేం నిలబడ్డాం. మాస్టరు కూడా వచ్చాడు, తమ్ముణ్ణి వీపున మోసుకుని.

"ఏంటీ సంత? నా పరువు తీస్తారా?" కాంట్రాక్టరు ఊగిపోయాడు.

"మా పరువు నిన్ననే పోయిందిలే. ఇవాళ నీ వంతు!" అంది పెద్దమ్మ.

నేనూ గొంతెత్తాను. "నిన్న నేను అబద్ధం ఆడాను! నా పేరు మీదున్న ప్రతి కాజా మా ఆడపడుచు కుట్టింది!"

"మా కోడలు కుట్టింది!" "మా తమ్ముడు కుట్టాడు!" వీధి దద్దరిల్లింది.

పోలీసు వ్యాను వచ్చింది. నన్నూ పెద్దమ్మనూ రెక్క పట్టుకుని లాగారు. కుర్చీ దగ్గరికొచ్చి కానిస్టేబులు ఆగిపోయాడు.

"నేనూ దారికడ్డమే కదా. నన్నెందుకు వదిలేస్తావ్?" అంది మా ఆడపడుచు.

గత్యంతరం లేక అరెస్టులు రాసే పుస్తకం, కలం తీశాడు. పేరడిగాడు. చెప్పింది.

"ఏం పని చేస్తావ్?"

"కాజాలు కుడతాను. ఈ షెడ్డుకే."

"రాయకండి సార్! రేపు కార్డుకి అదే సాక్ష్యమంటారు!" కాంట్రాక్టరు గావుకేక పెట్టాడు.

అంతే. చాపల మీదివాళ్లంతా చేతుల మీద దేక్కుంటూ, కర్రలు ఊనుకుంటూ కానిస్టేబుల్ని చుట్టుముట్టారు.

"నన్నూ రాసుకో నాయనా. కాజాలే. ఇదే షెడ్డు."