జత తప్పిన పేరు

ఆఫీసులో అందరూ ఆయన్ని బ్రాకెట్ల బాబాయి అనేవారు. అడుగడుగునా బ్రాకెట్లుండే లిస్ప్ అనే కంప్యూటర్ భాషలో ముప్పై ఏళ్లుగా ప్రోగ్రాములు రాస్తున్న మనిషి. ఆయన పక్కన పనిచేసే అమ్మాయి చేరి అప్పటికి రెండేళ్లు. విత్తనాలు దాచే శీతల గది తలుపును నడిపే పని ఆమె చేతికొచ్చింది. తలుపు తెరవాలి, లోపల పని జరగాలి, తిరిగి మూయాలి. ఆ ఒక్క పనికే విడివిడిగా రెండు కోడ్ ముక్కలు రాసింది: తోటివాళ్లు సులువుగా వాడుకునేందుకు మాక్రో అనే పొట్టి రూపం ఒకటి, వేరే ప్రోగ్రాములు పిలిచి వాడుకునేందుకు ఫంక్షన్ ఒకటి. మాక్రో పేరు ‘విత్-డోర్’. ఫంక్షన్ పేరు ‘రూమ్-జాబ్’.

బాబాయి చూశాడు. “ఫంక్షన్‌ని ‘కాల్-విత్-డోర్’ అనమ్మా. ఒక పేరు చూస్తే రెండోది గుర్తుకురావాలి. మాక్రో కూడా ఆ ఫంక్షన్‌నే పిలవాలి. రేపు ఏదైనా తేడా వస్తే ఒక్కచోట దిద్దితే చాలు.”

“రైలుబండంత పేరెందుకు బాబాయ్? రెండూ బానే పనిచేస్తున్నాయిగా.”

ఆయన పట్టు విడవలేదు. ఆమె మేనేజరు దగ్గరికి వెళ్లి, “నేనేం రాసినా పేర్లు పెట్టడమే ఆయన పని,” అంది. నెల తిరక్కుండా బాబాయిని కింది అంతస్తులో మాన్యువళ్లు రాసే గదికి మార్చారు. గెలిచాననుకుంది.

మూడేళ్లకు లోపం బయటపడింది. పని మధ్యలో ఆగిపోతే తలుపు మూసుకోవడం లేదు. ఆమె మాక్రోలో దిద్దింది. అదే లోపం ఫంక్షన్‌లోనూ ఉందన్న సంగతి తట్టలేదు. పేరు వేరు కావడంతో వెతుకులాటలోనూ తగల్లేదు. ఆ ఫంక్షన్‌ని వాడేది అప్పుడప్పుడు తలుపు తెరిచి గదిలో తేమ కొలిచే ప్రోగ్రామొక్కటే. సెలవుల్లో అది మధ్యలో ఆగింది. బయట ముసురు. రెండు రోజులు తలుపు బార్లా తెరిచే ఉంది.

ఆ విత్తనాలను పదకొండేళ్లు ఊరూరా తిరిగి సేకరించిన పరిశోధకురాలు వచ్చింది. బూజు పట్టిన గింజలను అరచేతిలో పోసుకుంది.

“ఇవి మళ్లీ దొరకవమ్మా. ఆ పొలాల్లో ఇప్పుడు ఇళ్లు లేచాయి,” అంది. నాలుగు తిట్టినా బాగుండేదనిపించింది అమ్మాయికి.

కింది అంతస్తుకు దిగింది. బాబాయి కళ్లజోడు తుడుచుకుంటున్నాడు.

“మీ మాట విని ఉండాల్సింది బాబాయ్. పైగా మీ మీద చాడీ చెప్పింది నేనే.”

“తెలుసమ్మా. నాదీ తప్పుంది. మాక్రో దిద్దావని తెలిసింది. దాని జత ఇంకోటుందని పైకొచ్చి చెప్పాల్సింది. అలిగి కూర్చున్నాను.”

కుర్చీ జరిపి చోటిచ్చాడు. ఇద్దరూ కలిసి ఫంక్షన్ పేరు మార్చారు, మాక్రో దాన్నే పిలిచేలా తిరగరాశారు. పావుగంట పట్టింది. గడియారం చూసి ఆమె తల దించుకుంది.

మర్నాడు పరిశోధకురాలికి జరిగింది జరిగినట్టు ఉత్తరం రాసింది. జవాబు రాలేదు.