లెక్కల టీచరు రొట్టెలు

అమెరికా నుంచి సెలవులకొచ్చి మూడు రోజులైనా కాలేదు, హేమ చేతికి అప్పుడే జొన్నపిండి అంటింది. ఆదోనిలో ఆ ఇంట్లో తొమ్మిది మంది. ఏడాదిగా రొట్టెలు కొనుక్కుని తిన్నవాళ్ళు, ఆమె దిగగానే కొనడం మానేశారు. కోడలు ఏ దేశంలో పాఠాలు చెబితే ఏంటట!

హాల్లో అత్త సావిత్రమ్మ పక్కింటి గుల్జార్ బీకి ఫోనులో వీడియో చూపిస్తోంది. "సూడు గుల్జార్, దొరల ముందర మా హేమ రొట్టెలు తడతాండాది! ఎట్లా సప్పట్లు కొడతాండారో!"

హేమకు ఒళ్ళు మండింది. ఆ చప్పట్ల వెనక సంగతి ఈ ఇంట్లో ఆమె మొగుడు ఆంజనేయులొక్కడికే తెలుసు. ఆ రోజు అమెరికాలో ఆమె బళ్ళో దేశదేశాల పండగ. "నీ యాస పిల్లలకు అర్థం కావడం లేదట. క్లాసు వేరేవాళ్ళు చూసుకుంటారు, నువ్వు మీ రొట్టె చేసి చూపించు" అంది ప్రిన్సిపాల్, నవ్వుతూనే. అలా అన్నది పిల్లలు కాదు, ఎవరో ఒక తల్లి. సరేలెమ్మని జొన్నరొట్టె తడితే, "అసలు ఇండియా రొట్టె ఇది కాదే, హోటల్లో తెల్లగా మెత్తగా ఉంటుంది" అని ఇంకో టీచరు ఆమెకే పాఠం చెప్పింది. పండగ అయిపోయింది గానీ, క్లాసు మాత్రం తిరిగి రాలేదు. వెనక బెంచీలో కూర్చుని కాగితాలు దిద్దడమే మిగిలింది. ఏడుస్తూ ఫోన్ చేస్తే ఆంజనేయులు, "జీతం తగ్గిచ్చినారా? లేదు కదా! ఇంట్లో సేసే పనే కదా, ఆడ సేస్తే ఏం పోయింది?" అన్నాడు. పైగా ఆ వీడియో అడిగి మరీ తెప్పించుకున్నాడు.

వచ్చే ఏడాదికి వస్తావా లేదా, ఇవాళ్టికల్లా చెప్పమంది ఆ బడి. సరే అని మెసేజి కొట్టమని ఆంజనేయులు పొద్దుట్నించి నాలుగుసార్లు అన్నాడు.

"ఇంతకూ ఆడ పిల్లోళ్ళకు ఏం నేర్పిస్తాది?" అడిగింది గుల్జార్ బీ.

"రొట్టెలు సేసేది. సూసినావు కదా!" అంది సావిత్రమ్మ పొంగిపోతూ.

పేపరు చదువుతున్న ఆంజనేయులు తలెత్తాడు. పేజీ తిప్పి మళ్ళీ చదువుకోసాగాడు.

పన్నెండేళ్ళ కాపురం! హేమ పొయ్యి ఆపి, చేతులు కడుక్కుని హాల్లోకి వచ్చింది.

"లెక్కలు, గుల్జారక్కా. నేను లెక్కల టీచర్ని."

తన ఫోనందుకుని అమెరికా బడికి జవాబు కొట్టింది. ఆంజనేయులు తొంగిచూసి అదిరిపడ్డాడు. "రానని కొట్టినావా? ఈడ కూసోని ఏం సేస్తావే?"

"ఈడ కూసోను. ఎమ్మిగనూరులో నేను ముందు పనిచేసిన బళ్ళో సోమవారం నుంచి రమ్మన్నారు. ఆడే రూము తీసుకుంటాను."

"మనకు రెండిళ్ళెందుకు?"

"మనకు కాదు" అంది హేమ.